కదలని కోలకు సంజీవని

మా ఊళ్లో ఏ మాటా ఒంటరిగా తిరగదు, వెంట ఒక వ్యాఖ్యానాన్ని వేసుకునే తిరుగుతుంది. మెదక్ బస్సు ఎందుకు ఆలస్యమైందో ఒకడు చెబితే, వాడు చెప్పినదాంట్లో అసలు మర్మం విప్పడానికి మరో నలుగురు లేస్తారు. దీన్ని జబ్బనుకోవద్దు, నేల గుణం. ఇది కుల్చారం. కాళిదాసును చదివే ప్రతివాడూ ఎవరి చెయ్యి పట్టుకుని నడుస్తాడో ఆ మల్లినాథ సూరి ఇంటిపేరు కోలాచలం. ఆ కోలాచలమే జనం నోళ్లలో నలిగి కొల్చారం, కుల్చారం అయింది. రఘువంశానికి, కుమారసంభవానికి, మేఘదూతానికి ఆయన రాసిన టీక పేరు సంజీవని. చెడ్డ వ్యాఖ్యానాల విషం తలకెక్కి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును లేపడానికే రాస్తున్నానని ఆయనే చెప్పుకున్నాడు. భారవికి ఘంటాపథం రాశాడు, మాఘుడికి సర్వంకష రాశాడు. తండ్రి ఇన్ని రాస్తే కొడుకు కుమారస్వామి ఊరుకుంటాడా, ప్రతాపరుద్రీయానికి రత్నాపణం రాశాడు.

మల్లినాథుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని. ఇందులో రెండో సగాన్ని ఆయన తర్వాత మా ఊళ్లో ఎవరూ నిలబెట్టుకోలేదు. బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన నేనూ నిలబెట్టుకోను, ముందే చెబుతున్నా. మొదటి సగానికి మాత్రం కట్టుబడి ఉంటాను.

అవతారిక

దసరా ముందు ఇల్లు దులుపుతుంటే సజ్జ మీది అట్టపెట్టెలోంచి ఒక జాయ్‌స్టిక్ బయటపడింది. మా అబ్బాయి 1998లో సికింద్రాబాద్‌లో కొన్నది. అప్పట్లో వాడు బండెడు కంప్యూటర్ ముందు కూర్చుని, ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టుకుని బేగంపేట నుంచి ఎగిరేవాడు. ఇప్పుడు వాడు డాలస్‌లో ఉన్నాడు. బేగంపేట ప్రయాణికులు 2008 మార్చిలో శంషాబాద్‌కు మారిపోయారు. కర్ర ఒక్కటే పెట్టినచోట ఉంది.

మా కూతురి కొడుకు నర్సాపూర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి విమానం పిచ్చి. తప్పు వాడిది కాదు. దుండిగల్ వాయుసేన అకాడమీలో 1971 నుంచి పైలట్లకు శిక్షణ ఇస్తున్నారు, ఆ శిక్షణ విమానాలు మా మెదక్ ఆకాశంలో గిరికీలు కొడుతుంటాయి. ఆ చప్పుడు వింటే వీడు చిన్నప్పుడు తినే కంచం వదిలేసి వాకిట్లోకి ఉరికేవాడు. ఇప్పుడు కర్రను చూసి అలాగే ఉరికివచ్చాడు.

"తాతా, మామ కర్ర నేను తీస్కుంటున్న."

"తీస్కో బిడ్డా."

అయిదు నిమిషాలకు మళ్లీ వచ్చాడు, కర్ర తోక పట్టుకుని. "దీన్కి పదిహేను పిన్నులున్నయ్ తాతా. నా లాప్‌టాప్‌కు గిసొంటి బొక్కనే లేదు."

ఆ రాత్రి నిద్ర పట్టక ఈ ఆటవెలది అల్లాను.

పాత కోలఁ దెచ్చి పట్టుగాఁ గూర్చినఁ
గొత్త పెట్టె దాని గుర్తెఱుగదు
నడుమ నొక దుబాసి నమ్మకంబుగ నున్న
గగనమెల్ల వచ్చి గదిని నిలుచు.

మూలకర్తా టీకాకర్తా ఒకడే కావడంలో ఒక సుఖముంది. సందేహం వస్తే మూలకర్తను నిద్ర లేపి అడగొచ్చు. అడిగాను కూడా. రెండుచోట్ల ఆయనకే అర్థం తెలియదు.

ప్రతిపదార్థం

పాత = 1981 మొదలు 1998 వరకు పుట్టినట్టి; కోలన్ = జాయ్‌స్టిక్కును; తెచ్చి = సజ్జమీదినుండి దింపి; పట్టుగాన్ = ఊడిపోకుండునట్లు; కూర్చినన్ = ప్లగ్గు పెట్టినను; కొత్త పెట్టె = లాప్‌టాప్; దాని గుర్తు = దాని ఆనవాలును; ఎఱుగదు = తెలియజాలదు; నడుమన్ = ఆ రెంటి మధ్య; ఒక దుబాసి = ఒక అడాప్టర్; నమ్మకంబుగన్ = ఉన్నది ఉన్నట్లు చెప్పునదై; ఉన్నన్ = ఉన్నయెడల; గగనము ఎల్లన్ = ఆకాశమంతయు; వచ్చి = మంచము పక్కకు వచ్చి; గదినిన్ = గదియందు; నిలుచున్ = కరెంటు పోవునందాక నిలుచును.

టీక

'కోల' అన్న మాటతో మొదలుపెడతాను, అది మా ఊరి పేరులో ఉంది గనక. సంస్కృతంలో కోలమంటే పంది, కోలాచలమంటే పందికొండ అని పండితులు తేల్చేస్తారు. నేను దాన్ని ఇంకో రకంగా విరుస్తాను. తెలుగు కోల, సంస్కృత అచలం: కదలని కర్ర. చేతిలో ఎంత ఊపినా తెరమీద విమానాన్ని కదపలేని కర్ర అని అర్థం. తెలుగు మాటకూ సంస్కృత మాటకూ ఇలా ముడిపెట్టడం వైరి సమాసమని వ్యాకర్తలు లేచి నిలబడతారు. నిలబడనివ్వండి. పదిహేను పిన్నుల తోకకూ లాప్‌టాప్ రంధ్రానికీ ముడిపెట్టబోవడం కూడా వైరి సమాసమే. ఈ పద్యమంతా దాని గురించే.

'పాత' అనగా ఎంత పాత? ఐబీఎం వాళ్లు 1981లో పీసీని తెచ్చినప్పుడే దాంతోపాటు గేమ్ కంట్రోల్ అడాప్టర్ అని ఒక కార్డు అమ్మారు. దాని వెనక రెండు వరసల్లో పదిహేను రంధ్రాలు, పైన ఎనిమిది, కింద ఏడు. దీన్నే తర్వాత గేమ్‌పోర్ట్ అన్నారు. సౌండ్ బ్లాస్టర్ కార్డులు వచ్చాక దాన్ని పాట పెట్టె వీపుకు అతికించారు. కాబట్టి తొంభైల్లో సౌండ్ కార్డు ఉన్న దాదాపు ప్రతి ఇంట్లో, విమానం ఊసే ఎరగని ఇంట్లో కూడా, ఒక కర్రకు చోటు ఉండేది. నాలుగు అక్షాలు, నాలుగు బొత్తాలు, ఇంతే దాని లోకం. ఒక్క కర్ర పెట్టుకుంటే రెండో కర్రకు కేటాయించిన తీగలు ఖాళీగా ఉంటాయి. సిమ్యులేటర్ కర్రలవాళ్లు వాటి మీదికి థ్రాటిల్‌నూ, రడ్డర్ పెడల్సునూ ఎక్కించారు.

ఇక్కడ కాస్త ఆగాలి, సంగతి రసవత్తరంగా ఉంది. ఆ కర్ర కంప్యూటర్‌కు ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. దానికి నోరు లేదు. లోపల ఉన్నది పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే పరికరం లాంటిదే, ఒక పొటెన్షియోమీటర్, సున్నా నుంచి లక్ష ఓముల దాకా మారేది. కర్రను అటు వంచితే అడ్డు తగ్గుతుంది, ఇటు వంచితే పెరుగుతుంది. కంప్యూటర్ కార్డులో ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. కుళాయి కింద చెంబు పెట్టామనుకోండి. కుళాయి ఎంత విప్పారో చూడకుండానే చెంబు నిండటానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టి చెప్పొచ్చు కదా. ఇక్కడా అంతే. కుళాయి కర్రలో ఉంది, చెంబు కార్డులో ఉంది, లెక్కపెట్టేది ప్రాసెసర్. కర్ర ఒక చివర ఉంటే చెంబు 24 మైక్రోసెకన్లలో నిండుతుంది, ఇంకో చివర ఉంటే 1,124 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ లెక్క కూడా ఎలా? ప్రాసెసర్ మిగతా పనులన్నీ మానుకుని "నిండిందా, నిండిందా, నిండిందా" అని అడుగుతూ ఒకటీ రెండూ మూడూ అనుకుంటూ కూర్చోవడం. కొత్త ప్రాసెసర్ వేగంగా లెక్కపెడుతుంది గనక అదే కర్ర అదే చోట ఉన్నా అంకె పెరిగిపోయేది. అందుకని కొన్ని గేమ్ కార్డులకు వేగం సరిచూసుకోవడానికి వెనక ఒక చిన్న మర పెట్టేవాళ్లు. మా అబ్బాయి స్క్రూడ్రైవర్ పట్టుకుని టేబుల్ కింద దూరితే చదువుకుంటున్నాడనుకుని పాలు తీసుకెళ్లి ఇచ్చిన రోజులున్నాయి.

విండోస్ ఎక్స్‌పీ దాకా ఈ లెక్కకు చోటు దొరికింది. 2007లో విస్టా వచ్చి గేమ్‌పోర్టుకు తలుపు మూసింది. అప్పటికి మదర్‌బోర్డుల మీద ఆ రంధ్రమే పోయింది.

'పట్టుగాఁ గూర్చిన' అన్నాడు మూలకర్త. గట్టిగా దూర్చినా లాభం లేదని భావం. దీనికి శాస్త్రం ఉంది. మాటలు కలిసి వాక్యం కావాలంటే మూడు కావాలన్నారు పెద్దలు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఆవు, గుర్రం, ఏనుగు అని వరసగా పేర్లు చదివితే వాక్యం కాదు, ఒకదానికొకటి కావాలన్న తపన లేదు. నిప్పుతో తడుపుతున్నాడు అంటే వాక్యం కాదు, నిప్పుకు తడిపే యోగ్యత లేదు. పొద్దున ఒక మాట, రాత్రి ఒక మాట అంటే అదీ కాదు, రెండూ దగ్గర లేవు. మన అడాప్టర్ల బజారులో నూటికి తొంభై వస్తువులు అమ్మేది సన్నిధి ఒక్కటే.

ఆ సంగతి నేను డబ్బులిచ్చి నేర్చుకున్నాను. హైదరాబాద్ పోయినప్పుడు ఒక దుకాణంలో, పేరెందుకు లెండి, తోక ఫొటో చూపించి "దీన్ని యూఎస్‌బీకి కలపాలె" అన్నాను. "పదిహేను పిన్నులే కదా పెద్దాయనా" అని ఒక అడాప్టర్ చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి చూస్తే దాని పదిహేను రంధ్రాలు మూడు వరసల్లో ఉన్నాయి, వరసకు అయిదు. అది వీజీఏ, మానిటర్‌ది. పదిహేను సంఖ్య ఒకటే, అన్వయం వేరు. ఛందస్సులో గణాల సంఖ్య సరిపోతే పద్యం సరిపోయిందనుకునే పిల్లవాడి తప్పు ఇది. ఆ పిల్లవాడికి నేను ముప్పై ఏళ్లు మార్కులు కోశాను.

రెండోసారి వచ్చినది ఇంకా నయవంచన. ఒక వైపు రెండు వరసల పదిహేను రంధ్రాలు సరిగ్గా ఉన్నాయి. ఇంకో వైపు యూఎస్‌బీ ప్లగ్గు. మధ్యలో జానెడు తీగ. రెండు వైపులా చక్కగా పట్టింది. మనవడు దాన్ని గోటితో గీకి, ప్లాస్టిక్ తొడుగు విప్పి చూశాడు. లోపల చిప్పు లేదు, ఏమీ లేదు, తీగలు తీగలకు అతికించి ఉన్నాయి. "తాతా, గిది వట్టి తోకనే" అన్నాడు. తోకకు ఇంకో తోక. ఇద్దరి ఒంట్లోనూ పారేది అదే అయిదు వోల్టుల కరెంటు కాబట్టి ఏదీ కాలిపోలేదు, అంతవరకు అదృష్టం. కానీ యూఎస్‌బీలో సమాచారం మోసే తీగలు రెండే. అవి సెకనుకు లక్షల సార్లు మినుకు మినుకుమనే సంకేతాల కోసం చూస్తుంటాయి. వాటికి తీసుకెళ్లి నోరులేని ఓములు అప్పగిస్తే నిప్పుతో తడిపినట్టే.

ఇక్కడ ఒక పూర్వపక్షం ఉంది. పాత కీబోర్డుకు, మౌసుకు ఊదారంగు, ఆకుపచ్చ రంగు బుడిపెలు వచ్చేవి కదా, అవీ వట్టి తోకలే, వాటితో పని జరిగేది కదా అంటారు. జరిగేది. ఎందుకంటే ఆ మౌసుకే రెండు భాషలూ వచ్చు. ఏ గుమ్మం ముందు నిలబడ్డానో చూసుకుని ఆ భాష మాట్లాడేది. మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ ప్రెసిషన్ ప్రో లాంటి కర్రల్లోనూ రెండు భాషలూ వచ్చినవి ఉండేవి, వాటితో వచ్చిన బుడిపె వాటికే పనిచేస్తుంది. పండితుడి పక్కన నిలబడ్డ గొడుగు వాడి చేత వేదం చెప్పించలేం.

'గుర్తెఱుగదు' దగ్గర కొంచెం వివరం కావాలి. యూఎస్‌బీ 1996 జనవరిలో పుట్టింది. దాన్ని రూపుదిద్దినవాళ్లలో ముఖ్యుడు ఇంటెల్‌లో పనిచేసిన అజయ్ భట్, వడోదర మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివినవాడు. భట్టు పెట్టిన పద్ధతి గనక ప్రవర చెప్పకుండా లోపలికి రానివ్వదు. వచ్చినవాడు ముందు 1.5 కిలోఓముల రెసిస్టర్‌తో రెండు తీగల్లో ఒకదాన్ని పైకి లాగాలి, అది తలుపు తట్టడం. అప్పుడు కంప్యూటర్ ఒక నంబరు ఇచ్చి అడుగుతుంది: ఎవరి తాలూకు? ఏ కులం పరికరానివి? నీకు అక్షాలెన్ని, బొత్తాలెన్ని, ఒక్కో అక్షం ఏ అంకె నుంచి ఏ అంకె దాకా పోతుంది? అన్నిటికీ వరసగా జవాబు చెబితే లోపల కూర్చోబెడుతుంది. మౌసు, కీబోర్డు, జాయ్‌స్టిక్ వగైరాలందరికీ కలిపి హెచ్‌ఐడీ అని ఒకే గోత్రం. ఆ గోత్రం చెబితే వేరే సీడీ, డ్రైవర్ అక్కర్లేదు. పాపం మా కర్ర ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. అది రైతు. వంచితే వంగుతుంది, వదిలితే లేస్తుంది. గోత్రం అడిగితే బిత్తరపోతుంది.

'దుబాసి' అనే మాట వాడినందుకు మూలకర్తను మెచ్చుకోవాలి, అడాప్టర్ అంటే గణం కుదరలేదని ఆయన రహస్యంగా ఒప్పుకున్నా సరే. రెండు భాషలు తెలిసినవాడు దుబాసి. కుంపిణీ కాలంలో చెన్నపట్నం దొరలకు దుబాసి లేనిదే పప్పు కొనడం కూడా వచ్చేది కాదు. 1830లో చెన్నపట్నం నుంచి బయల్దేరి హైదరాబాదు మీదుగా కాశీకి పోయి, కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్యది కూడా సుప్రీంకోర్టులో ఒకరి మాట ఇంకొకరికి చెప్పే ఉద్యోగమే. మంచి దుబాసికి లక్షణం ఏమిటి? రెండు వైపులా వినాలి. అంటే లోపల మెదడు ఉండాలి. గేమ్‌పోర్టు వైపు చెంబు పెట్టి లెక్కపెట్టాలి, యూఎస్‌బీ వైపు గోత్రనామాలు చెప్పాలి.

అలాంటివి తయారుగా దొరుకుతాయి, లోపల చిప్పు ఉన్న అడాప్టర్లు. మనవడు మాత్రం తానే చేస్తానన్నాడు. కోఠీ గుజరాతీ గల్లీకి పోయి ఆర్డుయినో ప్రో మైక్రో అనే బోర్డు తెచ్చాడు, బొటనవేలంత ఉంటుంది. దాని మీది ఏటీమెగా32యూ4 చిప్పుకు యూఎస్‌బీ పుట్టుకతోనే వచ్చు, తానే జాయ్‌స్టిక్కునని చెప్పుకోగలదు. అందరిళ్లలో ఉండే మామూలు ఊనో బోర్డు దీనికి పనికిరాదు. దాని మెదడు ఒకటి, యూఎస్‌బీ నోరు ఇంకొకటి.

నేను పక్కన కూర్చుని టార్చి పట్టాను. ఒకటో పిన్నుకు అయిదు వోల్టులు, నాలుగో పిన్నుకు గ్రౌండు. అడ్డం కదలిక మూడో పిన్ను మీద, నిలువు కదలిక ఆరో పిన్ను మీద వస్తుంది. బొత్తాలు రెండు, ఏడు, పది, పద్నాలుగు పిన్నుల మీద. బొత్తాల సంగతి తేలిగ్గా అయింది, నొక్కితే గ్రౌండు తగులుతుంది, అంతే. అక్షాల దగ్గర చిక్కు వచ్చింది. ఈ బోర్డు ఓములు చదవదు, వోల్టులు చదువుతుంది, సున్నా నుంచి 1023 దాకా అంకెలుగా. కర్రలోని పొటెన్షియోమీటర్‌కు మూడు కాళ్లున్నా పాతకాలం వాళ్లు రెంటికే తీగలు కట్టారు. అందుకని ఒక్కో అక్షం పిన్నుకూ గ్రౌండుకూ మధ్య లక్ష ఓముల రెసిస్టర్ ఒకటి అతికించాడు. ఇప్పుడు కర్ర ఒక చివర ఉంటే 1023 వచ్చింది, రెండో చివర ఉంటే 512 వచ్చింది. బాగానే ఉందనుకున్నాం. కర్ర నడిమధ్యన వదిలితే 767 రావాలి. 682 వచ్చింది. విమానం తీరిగ్గా ఒక పక్కకు ఒరిగిపోయింది.

"కర్ర పాడైంది" అన్నాను.

"కర్ర మంచిగనే ఉంది తాతా. లెక్కల వంకరుంది."

నిజమే. నడుమ ఉన్నప్పుడు కర్రలో యాభై వేల ఓములు, కింద మన లక్ష. అయిదు వోల్టుల్లో మూడింట రెండొంతులు వస్తుంది, నాలుగింట మూడొంతులు రాదు. కర్ర నిజమే చెప్పింది, దుబాసి దాన్ని వంకరగా అనువదించాడు. మనవడు ప్రోగ్రాంలో ఒక్క వాక్యం మార్చాడు: 1023 లోంచి వచ్చిన అంకెను తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ వచ్చిన అంకెతోనే భాగించి, లక్షతో గుణిస్తే అసలు ఓములు వస్తాయి. 341ని 682తో భాగిస్తే సగం. లక్షలో సగం యాభై వేలు. విమానం సమంగా నిలబడింది. నేను టార్చి ఆర్పడం మరిచిపోయాను.

ఇక 'నమ్మకంబుగ'. ఇందులోని 'ంబు' గణపూరణం కోసమేనని విమర్శకులంటారు, అది అక్షరాలా నిజం. మిగతా మాట మాత్రం ఈ పద్యానికి ప్రాణం. మల్లినాథుడి కట్టుబాటు దుబాసికీ వర్తిస్తుంది: లేనిది చెప్పకూడదు. పాత పొటెన్షియోమీటర్‌లో కార్బన్ పట్టీ మీద ఇరవయ్యేళ్ల దుమ్ము ఉంటుంది. కర్ర కదలకపోయినా అంకె వణుకుతుంది. చవక అడాప్టర్ ఆ వణుకును కూడా భక్తిగా అనువదిస్తుంది, విమానం చలిజ్వరం వచ్చినట్టు ఊగుతుంది. మందు సులువే. కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టి, కర్రను చివరి నుంచి చివరికి ఓ పాతికసార్లు తిప్పాలి. ఆ తర్వాత కూడా మిగిలితే నడుమ కొంచెం డెడ్‌జోన్, అంటే కదలికను పట్టించుకోని చోటు, పెట్టుకోవాలి. అయితే వణుకు కనబడకూడదని డెడ్‌జోన్‌ను విపరీతంగా పెంచేవాళ్లున్నారు. అది కఠిన పద్యం రాగానే "స్పష్టం" అని రాసి దాటేసే టీకాకారుల పద్ధతి.

అసలు పరీక్ష హ్యాట్ దగ్గర. కర్ర నెత్తిన బొటనవేలితో తిప్పే చిన్న బుడిపె ఉంటుంది, కాక్‌పిట్‌లో అటూ ఇటూ చూడటానికి. పోర్టులో బొత్తాల తీగలు నాలుగే, నాలుగూ అయిపోయాయి. మరి హ్యాట్‌ను ఎక్కడ పెట్టాలి? సీహెచ్ ఫ్లైట్‌స్టిక్ ప్రో లాంటి కర్రలు చేసినవాళ్లు గొప్ప ఆలంకారికులు. ఏ మనిషీ మామూలుగా నొక్కని బొత్తాల జట్లను హ్యాట్‌కు ఇచ్చారు. నాలుగు బొత్తాలూ ఒకేసారి నొక్కినట్టు వచ్చిందంటే నాలుగు బొత్తాలని కాదు, పైకి చూడమని అర్థం. గంగలో పల్లె ఉంది అన్నప్పుడు నీళ్లలో ఇళ్లు కుదరవు గనక గట్టున ఉన్న పల్లె అని తీసుకుంటాం. ముఖ్యార్థానికి బాధ, అందువల్ల లక్షణ. సరిగ్గా అదే. థ్రస్ట్‌మాస్టర్ వాళ్ల కర్రల్లో హ్యాట్‌ను నాలుగో అక్షం మీద, దిక్కుకో ఓముల విలువ చొప్పున ఎక్కించారు, అది ఇంకో సంప్రదాయం.

అభిధ, అంటే మాటకున్న నేరు అర్థం, తప్ప ఏమీ తెలియని దుబాసి దొరికితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. మనవడి తొలి ప్రోగ్రాంకు ఈ లక్షణ తెలియదు. ఆకాశంలో ఏముందో చూద్దామని హ్యాట్‌ను పైకి నెట్టాడు. దుబాసి నాలుగు బొత్తాల పనీ ఒక్కసారి చేసేసింది. చక్రాలు బయటికొచ్చాయి, ఫ్లాప్స్ దిగాయి, బ్రేకులు పడ్డాయి, నాలుగోది ఏం చేసిందో తెలిసేలోపు నేల వచ్చేసింది.

పాఠాంతరం

'పాత కోల' అన్నచోట కొందరు 'పాత యూఎస్‌బీ కోల' అని పాఠం చెబుతారు. ఛందస్సు చచ్చిపోతుంది కానీ అర్థం ఉంది. 2000 తర్వాత కొన్న కర్రల్లో చాలావాటికి తోక యూఎస్‌బీదే ఉంటుంది. వీటికి దుబాసి అక్కర్లేదు. నీలంరంగు కొత్త పోర్టులో కూడా పాత 2.0 తీగలు రెండూ వేరుగా, అలాగే ఉంచారు. టైప్-సీలో ఇరవైనాలుగు పిన్నులున్నా వాటిలోనూ ఆ పాత జంట ఉంది, కాబట్టి అక్కడ వట్టి తోకే చాలు. అయినా కొన్ని ముసలి కర్రలు నీలం పోర్టును చూసి మొరాయిస్తాయి. మధ్యలో ఒక యూఎస్‌బీ 2.0 హబ్ పెట్టి చూడండి, చాలాసార్లు దారికొస్తాయి. ఆడుతూ ఆడుతూ మధ్యలో మాయమైతే, కరెంటు ఆదా కోసం పోర్టును నిద్రపుచ్చే అమరిక ఒకటి విండోస్ పవర్ ఆప్షన్లలో ఉంటుంది, దాన్ని ఆపేయాలి. కర్రతో వచ్చిన ఎక్స్‌పీ కాలపు సీడీని మాత్రం కొత్త కంప్యూటర్‌లో వేయకండి. గోత్రం చెప్పగల కర్రకు సీడీ సాయం అక్కర్లేదు.

ఇంకొక జాతి ఉంది. గేమ్‌పోర్టు తోకే ఉంటుంది, కానీ లోపలి నుంచి ఓములు కాకుండా అంకెలే పంపుతుంది. మామూలు అడాప్టర్ చెంబు పట్టుకుని కూర్చుంటే వీటి దగ్గర చుక్క రాలదు. ఆ భాష తెలిసిన దుబాసే కావాలి. వీటికి టీక ఇంకొకరు రాయాలి.

అలంకారం, ఛందస్సు

గది చిన్నది, గగనం పెద్దది. ఆధారం కంటే ఆధేయం పెద్దదిగా చెబితే అధికాలంకారం. అతిశయోక్తి అనేవాళ్లు 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ చూడలేదన్నమాట, ఉపగ్రహ చిత్రాల మీద భూగోళమంతా అల్లారు. మెదక్ చెరువులు, మంజీర మలుపులు మా ముందుగదిలో గోడ పక్కన తిరిగాయి. రెండో పాదంలో 'గొ'కు 'గు'తో యతి, ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. 'గూర్చినఁ' తర్వాత 'గొత్త' అని సరళం చేసినందుకు మా అబ్బాయి డాలస్ నుంచి ఫోన్ చేసి "నాన్నా, అచ్చుతప్పు పడింది" అన్నాడు. వాడి తెలుగు టీచర్ నేనే, కాబట్టి ఆ విషయం ఇక్కడితో వదిలేద్దాం.

తాత్పర్యం

పాత జాయ్‌స్టిక్కును పారేయకండి. అడాప్టర్ కొనే ముందు మూడు చూడండి: పిన్నులు రెండు వరసలా మూడు వరసలా, లోపల చిప్పు ఉందా, మీ కర్రకున్న అక్షాలూ హ్యాటూ దానికి తెలుసా. ప్యాకెట్ మీద ఇవేవీ రాయకపోతే అందులో ఉన్నది వట్టి తోక అనుకోండి.

దసరా మర్నాడు మనవడు మామ కర్రతో మెదక్ మీదుగా ఎగిరి శంషాబాద్‌లో దిగాడు. ఫోన్‌లో వాళ్ల మామ, పక్కన నేను, వెనక వాళ్లమ్మ చూస్తున్నాం. చక్రాలు రన్‌వేకు ఎడమవైపు గడ్డిలో ఆనాయి. "కర్ర ఎడమకు గుంజింది తాతా" అన్నాడు. వెంటనే కంట్రోల్ ప్యానెల్‌లో గేమ్ కంట్రోలర్స్ తెరిపించి, చెయ్యి తీసేయమన్నాను. తెరమీద గుర్తు పెట్టెలో సరిగ్గా నడిమధ్యన, వణక్కుండా నిలబడి ఉంది. కర్ర తప్పు లేదు.